రెండు గాట్ల పలక

(మేడనావ: ఏడో భాగం)

పోయిన వారం బాలన్న పటేలును పడవ కింద గ్యాసునూనె డబ్బాతో పట్టుకున్న దగ్గర మాట ఆపాను. ఆపడం నా తప్పు కాదు, పత్రికవాళ్ళు ఇచ్చిన చోటు అంతే. ఈ వారం రోజులూ ఎదురైన ప్రతివాడూ "ఇగ చెప్పు, తర్వాత ఏమైంది?" అని నన్ను చంపుకుతిన్నాడు. చెబుతాను, కాస్త ఊపిరి తీసుకోనివ్వండి.

కొత్తగా చదివేవాళ్ళకు నాలుగు ముక్కలు. నేను వడ్ల హన్మంతును, కట్టెపని చేసేవాణ్ణి. మాది కృష్ణ ఒడ్డున పసుపురేవు. ఇవతల గద్వాల, అవతల వనపర్తి. మా నాయన రామన్న తన చేతులతో కట్టిన పెద్ద పడవ ఒకటి మా రేవులో ఉండేది. పైన నలుగురు కూర్చునే గది ఉండడంతో అందరూ దాన్ని మేడనావ అనేవాళ్ళు. నేను చెప్పే కాలానికి తొమ్మిదేళ్ళ ముందు నిండు ఏట్లో దాని అడుగు పలక పగిలింది. రేవు గుత్త పట్టిన భీమన్న పటేలుతో కలిపి పదకొండు మంది పోయారు. పంచాయితీలో పెద్దమనుషులు మా నాయనను నిలబెట్టి "ఆ పలక నువ్వు ఏసిందేనా?" అని అడిగితే "నేను ఏసిందే" అన్నాడు. ఇంకొక్క మాట అనలేదు. ఆనాటి నుంచి ఆయన పేరు పడవ ముంచిన రామన్న. నేను పడవ ముంచినోని కొడుకును. మేం చేసిచ్చిన నాగలిని కూడా జనం ఒకటికి రెండుసార్లు తిప్పి చూసుకుని తీసుకుపోయేవాళ్ళు.

రెండో ప్రపంచ యుద్ధం జోరుగా నడుస్తున్న ఆ ఏడు వేసవిలో, భీమన్న భార్య లక్ష్మీదేవమ్మ ఉన్నట్టుండి రేవుకు పడవ కావాలంది. కొత్తది కాదు. పైగది ఊడి పక్కన పడి, ఒడ్డున బోర్లా ఉన్న ఆ పాతదాన్నే బాగుచేయించాలంది. టేకు దొరకదు, ఇనుము దొరకదు, ఉన్నదాన్నే నిలబెట్టుకుందాం అని ఆమె మాట. సరే, అది నమ్మవచ్చు. మరి బాగుచేయడానికి పిలిచింది ఎవరిని? నన్ను! ఊరంతా నోరు తెరిచింది. ఆమె మరిది బాలన్న అయితే "పాతది కొట్టి పొయ్యిల పెడుదాం, రెండేండ్లు పట్టినా కొత్తదే కడుదాం" అని నెల రోజులుగా ఒకటే పాట. అటువంటివాడు చీకటి విడవకముందే డబ్బాతో దొరికాడు. నేను అసలే అనుమానపు మనిషిని. తట్టి చూడకుండా కుండ కూడా కొననివాణ్ణి.

"ఏం పటేలా, పొద్దుగాల్నే గ్యాసునూనెతోని ఏం పని పడ్డది?" అన్నాను.

"చెదలు వట్టింది. జర పోస్తే పోతదని వచ్చిన."

"టేకుకు చెదలా?"

"పాతదైనంక ఏ కట్టెకైనా పడుతది," అన్నాడు మొహం అటు తిప్పుకుని.

యుద్ధం మొదలైన దగ్గర నుంచి బుడ్డి వెలిగించుకోవడానికి సీసాడు కిరసనాయిలు దొరకడమే గగనమైంది. ఆ రోజుల్లో నిండు డబ్బా తెచ్చి చెదలకు పోసే ధర్మాత్ముణ్ణి నేనెక్కడా చూడలేదు. పైగా ధోవతి మడతలోంచి అగ్గిపెట్టె సగం బయటికి కనబడుతోంది. నేను అగ్గిపెట్టె వంక చూశాను. నేను చూడడం ఆయన చూశాడు. డబ్బా ఎత్తుకుని గట్టెక్కాడు.

"కాల్చనీకె వచ్చిండన్నా," అన్నాడు యోసేపు నా వెనక నుంచి. యోసేపు ఈ పనిలో నాకు తోడు. మునిగిన రోజు ఆ పడవకు తెడ్డు వేసినవాడు, ఈది ప్రాణాలతో బయటపడ్డవాడు.

"నాకు కండ్లు లేవా? పా, ఇయ్యాలనే అడుగు ఇప్పుదాం," అన్నాను.

మేం అనుకున్న వరస వేరు. ముందు పైగది పని, ఆ తర్వాత అడుగు. కాని కాల్చాలనుకున్నవాడు పైగది కోసం కాల్చడు కదా. దాచాల్సింది ఏదైనా ఉంటే అది అడుగునే ఉంటుంది. ఏదో ఉందని నాకప్పుడు గట్టిగా అనిపించింది. పెద్దపటేలు భీమన్న చావు వెనక తమ్ముని చెయ్యి ఉందని కూడా అనిపించింది. రేవు గుత్త ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? బాలన్న చేతిలోనే కదా.

పాత పడవ విప్పడం కొత్తది కట్టడం కన్నా కష్టం. కొత్త కట్టె మనం చెప్పినట్టు వింటుంది. పాతది ప్రతి మేకు దగ్గరా మొండికేస్తుంది. పలకల సందుల్లో కుక్కిన జనపనార, దానిమీద ఆముదంలో కాచి పోసిన గుగ్గిలం గట్టిపడి రాయిలా ఉన్నాయి. ఉలితో గీకుతుంటే ముక్కుల్లోకి పొడి పోయి యోసేపు తుమ్ముతూనే ఉన్నాడు. నేను మాత్రం మా నాయన పని చూస్తూ ఉండిపోయాను. మేకులు ఒక్క వరస తప్పలేదు. పలకకూ పలకకూ మధ్య దారం దూరదు. ఇంత పని తెలిసిన మనిషి ఆ ఒక్క పలక దగ్గర ఎందుకు అంత పాడుపని చేశాడు? తొమ్మిదేళ్ళుగా నా కడుపులో ఉన్న ప్రశ్న అది. నిజం చెబుతున్నాను, ఊరు ఆయన్ను తిట్టినప్పుడల్లా నేను ఊరితో తగాదా పెట్టుకున్నాను గాని, లోలోపల నేనూ నమ్మాను. పైకి కొడుకునే. లోపల నేనూ పంచాయితీ పెద్దమనిషినే.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. ఇది బయటివాళ్ళకు చెప్పం. ఇప్పుడు చెప్పక తప్పదు. మా తాతల నాటి నుంచి పడవకు వేసే ప్రతి పలకకూ లోపలి అంచున ఉలితో మూడు గాట్లు పెడతాం. ఒకటి కట్టె ఇచ్చిన చెట్టుకు. రెండోది గంగమ్మకు. మూడోది ఎక్కే మనుషులకు. చూసేవాళ్ళకు అది ఉలి జారిన గీతలా ఉంటుంది. మాకు అది పత్రం రాసిచ్చినంత. మూడో గాటు పెట్టామంటే, ఎక్కే మనిషి ప్రాణానికి మాది పూచీ.

నేను బోర్లా ఉన్న పడవ కిందికి దూరి, లోపలి నుంచి ఒక్కొక్క పలకా తడుముకుంటూ పోయాను. మూడు. మూడు. మూడు. ఎడమ దిక్కు నాలుగో పలక సగమే ఉంది. మిగతా సగం ఆ రోజు ఏట్లో పోయింది. మిగిలిన ముక్క మీద బెత్తెడు మందం ఒండ్రు గడ్డకట్టి ఉంది. సుత్తితో తట్టాను. పక్క పలకలు ఖంగుమన్నాయి. ఇది దబ్బుమంది.

"యోసేపూ, ఉలి ఇయ్యి."

ఒండ్రు గీకి, కట్టె కొంచెం చెక్కి చూశాను. టేకు కాదు. బూరుగు! దూది కాసే చెట్టు కట్టె. అగ్గిపుల్లలకు, పెట్టెలకు పనికొచ్చే కట్టెను నిండు కృష్ణలో నడిచే పడవ అడుగుకు ఎవడేస్తాడు? మా నాయన వేసింది కాదు, ఎవడో మార్చాడు అనుకున్నాను. బాలన్నే మార్పించాడు అనుకున్నాను. ఆత్రంగా అంచు తుడిచాను.

గాట్లు ఉన్నాయి. రెండే ఉన్నాయి.

మొదట అర్థం కాలేదు. మూడోది అరిగిపోయిందేమోనని గోటితో గీకాను. లేదు. అక్కడ ఎప్పుడూ లేదు. రెండు గాట్లు లోతుగా, ఒకే వాలున, మా నాయన చేతివాటం. అప్పుడు నాకు చిన్నప్పుడు ఆయన చెప్పింది తట్టింది. ఏదైనా అడుగు పలక చెడితే, కొత్త టేకు వచ్చేదాకా ఆ చోటు ఖాళీగా ఉంచకూడదు. ఉంచితే ఎండకు పక్క పలకలు దగ్గరకు జరుగుతాయి, కొత్తది పట్టదు. అందుకని ఏదో ఒక ఉత్త కట్టెతో చోటు నింపి పెడతాం. దానికి చెట్టు గాటు పెడతాం, గంగమ్మ గాటు పెడతాం. మనుషుల గాటు పెట్టం. అంటే, దీని మీద మనిషి ఎక్కకూడదు. ఈ పడవ నీళ్ళలో దిగకూడదు.

పడవ మునిగిన ఏడు ఆయన నన్ను నాగర్‌కర్నూల్ పంపింది ఇందుకే. "మంచి టేకు పలక ఒకటి చూసి పట్టుకరా" అన్నాడు. ఎవరి వాకిలికో అనుకుని నేనడగలేదు. ఎనిమిది రోజులకు నేను పలకతో తిరిగొచ్చేసరికి పడవా లేదు, పటేలూ లేడు, మా ఇంటి పేరూ లేదు. ఆయన తప్పు చేయలేదు! పలక వేసింది ఆయనే, వద్దని గుర్తు పెట్టిందీ ఆయనే. పంచాయితీలో అడిగిన ప్రశ్నకు ఆయన చెప్పింది అక్షరాలా నిజం. రెండో ప్రశ్న ఎవడూ అడగలేదు.

నాకు ఏడుపొచ్చింది. నలభై ఏళ్ళ మనిషిని పడవ కింద వెక్కి వెక్కి ఏడ్చాను. యోసేపు వంగి లోపలికి చూసి, "ఏందన్నా? ఏమైంది? తేలు గిట్ల కుట్టిందా?" అని పరేషాన్ అయ్యాడు.

"యోసేపూ, ఆ పొద్దు పడవను నీళ్ళల్లకు దొబ్బింది ఎవరు?"

"మేమే దొబ్బినం. పెద్దపటేలు దొబ్బుమన్నడు. పొద్దుపొద్దుగాల్నే వచ్చి తొందర జేసిండు. అడుగు మూసే ఉండె గదన్నా, మాకేం ఎరుక? నట్టేట్లకు పోయినంక నా కాళ్ళ కింద పలక మెత్తగైనట్టు అనిపించింది. రాయి తగల్లే. నేను అప్పుడే చెప్పిన, టేకు పలక గట్ల మెత్తగ గాదని. నా మాట ఎవరు విన్నరు?"

"పటేలుకు ఎవరు చెప్పలేదా, దింపొద్దని?"

"చెప్పుంటే దింపుతడా? అండ్ల ఎక్కింది ఆయనే గదా!"

అదీ నిజమే. చావాలని ఎవడూ పడవ ఎక్కడు. భీమన్నకు తెలియదు. మా నాయన ఉలితో గుర్తు పెట్టి చేతులు దులుపుకునే మనిషి కాదు, మా ఇంటివాళ్ళకు తప్ప చదవరాని గుర్తు అది. నోటితో కూడా ఎవరికో చెప్పే ఉంటాడు. ఆ ఎవరో ఆ మాటను మింగేశారు. నా అనుమానం తిన్నగా పోయి గట్టు మీద నిలబడ్డ మనిషి మీద వాలింది. బాలన్న ఇంటికి పోలేదు. పొద్దుటి నుంచి అక్కడే నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు.

మేకులు పీకి, పలక ముక్కను భుజానేసుకుని గట్టెక్కాను.

"పటేలా, గిది చూడు. మా నాయన దీన్ని నీళ్ళల్ల దింపొద్దన్నడు. నీకు చెప్పిండా లేదా? గది చెప్పు."

"నాకు చెప్పలే."

"మరి ఎందుకు కాల్చనీకె వచ్చినవు? చెదలు గిదలు అనకు. నేను చిన్నపిల్లగాన్ని గాను."

ఆయన పలకను చూడలేదు. ఏటి దిక్కు చూస్తూ నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండింది.

"అన్న సచ్చిండు, గుత్త నీకొచ్చింది. ఊర్లె నోరుమూసుకున్నరు గని అందరికి అనుమానమే. నాకైతే అనుమానం గూడ లేదు ఇప్పుడు!"

ఆ మాటతో ఆయన నా దిక్కు తిరిగాడు. కొడతాడనే అనుకున్నాను. కాని ఆయన కళ్ళల్లో నీళ్ళు ఉన్నాయి.

"మా అన్నను నేను సంపిన అనుకుంటున్నవా హన్మంతూ? అనుకో. గట్లనే అనుకో. గది నాకు నయమే."

"ఏంది నయం?"

"చెప్పొద్దనుకున్న. నువ్వు చెప్పిస్తున్నవు." గొంతు తగ్గించాడు. "పడవ మునిగే ముందటి దినం పొద్దుగూకంగ నేను చేనుకాడి నుంచి వస్తున్న. మీ నాయన మా ఇంట్లకెంచి బయటికి వచ్చిండు. నన్ను చూసి దండం పెట్టి పోయిండు. గంతే. ఏం పనిమీద వచ్చిండో నేనడగలే. అన్న ఊర్లె లేకుండె, మల్దకల్ పోయిండు. రాత్రికి గని రాలే."

"మరి ఇంట్ల ఎవరున్నరు?"

ఆయన ధోవతి చెంగుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"వదినె ఒక్కతే ఉండె."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన గబగబా అన్నాడు: "నాకేం తెల్వదు. తెలుసుకోవద్దనే తొమ్మిదేండ్లు నోరు మూసుకున్న. ఆమె అన్నం పెట్టిన చెయ్యి నాకు. పడవ కాలిపోతే ఏ రంధి, ఏ చింత లేకపోతుండె. కొత్తది కట్టుకుంటుంటిమి, పాతది మరిచిపోతుంటిమి. ఆమెనే వినలే. పాతదే కావాలె, హన్మంతే చెయ్యాలె అని మొండికేసింది. ఎందుకో నాకు సమజ్ కాలే."

బాలన్న దాచాలని చూశాడు, సరే. మరి దాచాల్సిన మనిషే నా చేతికి పడవ ఎందుకిచ్చింది?

పలక భుజాన వేసుకుని ఊరి నడుమ నుంచి నడిచాను. మధ్యాహ్నం ఎండ. జొన్నరొట్టెలు చేసుకునే ఆడవాళ్ళు పొయ్యిలు వదిలి వాకిళ్ళలోకి వచ్చి చూశారు. "పడవ ముంచినోని కొడుకు పలక మోస్తుండు" అని ఎవరో అన్నారు, ఎవరో నవ్వారు. అననీ. ఇంకెన్ని రోజులు అంటారు?

లక్ష్మీదేవమ్మ వసారాలో కూర్చుని ఆముదాలు చెరుగుతోంది. పక్కన పనిమనిషి నర్సమ్మ. నా భుజం మీద పలకను చూడగానే చాట కింద పెట్టింది.

"నర్సమ్మా, నువ్వు చేనుకాడికి పో."

"ఎండ మస్తుందమ్మా, జరసేపైనంక..."

"పొమ్మంటున్న గదా!"

నర్సమ్మ మమ్మల్ని మార్చి మార్చి చూస్తూ వెళ్ళింది. లక్ష్మీదేవమ్మ నన్ను ఎందుకొచ్చావని అడగలేదు. అదేం పలక అని అడగలేదు.

"దొరికిందా?" అంది.

ఒక్క మాట. పలక ఆమె ముందు దించాను.

"అమ్మా, ఆ దినం మా నాయన మీ ఇంటికి వచ్చిండా?"

"వచ్చిండు."

"ఏం చెప్పిండు?"

"పడవ అడుగుకు ఉత్త కట్టె పెట్టిన, టేకు వచ్చెదాంక నీళ్ళల్ల దింపొద్దని పటేలుకు చెప్పుండ్రి అన్నడు. రెండుసార్లు చెప్పిండు. గడప దాటినంక మళ్ళ ఎనుకకు వచ్చి మూడోసారి చెప్పిండు."

"మీరు చెప్పలే."

"చెప్పలే."

నేను ఆ ఇంటి వసారాలో ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడింది లేదు. ఆ రోజు ఊరు వినేటట్టు అరిచాను. "పదకొండు మందమ్మా! పదకొండు ఇండ్లు! మా నాయన బతికుండంగనే సచ్చిండు. మా అమ్మ గా మాటలు పడలేకనే మంచమెక్కి పోయింది. ఒక్క మాట చెప్పనీకె నీకు నోరు రాలేదా?"

మీరు అనాల్సిన మనిషిని నువ్వు అన్నానని తర్వాత గుర్తొచ్చింది. ఆమె పట్టించుకోలేదు.

"కూసో హన్మంతూ. కూసోకున్నా మంచిదే, విను. మా ఆయన ఆ పొద్దు యాడికి పోయిండని ఊరికి తెల్సు?"

"గోపాల్‌పేట దిక్కు పొలం చూడనీకె."

"పొలం కాదు. రెండో లగ్గం చేసుకోనీకె. నాకు పిల్లలు కాలేదని. నా అన్నదమ్ములకు తెలిస్తే లొల్లి అయితదని ఎవ్వరికి చెప్పలే, బాలన్నకు గూడ. ఎంట పోయినోళ్ళంత లగ్గానికి పోయినోళ్ళే. మల్దకల్ పోయింది గూడ స్వామికి మొక్కి లగ్నపత్రిక ముందర పెట్టనీకె. నాకు ఎట్ల తెల్సంటవు? పెట్టెల కొత్త పట్టుచీర కనపడ్డది. నాకేమో అని సంబురపడ్డ. ఆ సంబురం ఒక్క పూట, మాపటికి చీర మడతల లగ్నపత్రిక దొరికింది." ఆమె చేయి చాటలో ఆముదాలను దొర్లిస్తోంది. "మీ నాయన వచ్చి చెప్పినప్పుడు నా మనసుల ఒక్కటే అనుకున్న. పడవల నీళ్ళొస్తయి. తడుస్తరు. తిట్టుకుంట తిరిగి ఒడ్డుకు వస్తరు. ముహూర్తం తప్పుతది. గంతే అనుకున్న. మునుగుతదని నాకేం తెల్సు? పడవ సంగతి నాకేం తెల్సు హన్మంతూ? నీళ్ళొస్తయి అనుకున్న, గంతే!"

నాకు జాలి కలిగిందా? అబద్ధమెందుకు, అప్పుడు కలగలేదు. ఆమె ఏడుస్తుంటే చూస్తూ నిలబడ్డాను.

"మరి ఇప్పుడెందుకు? కొత్త పడవ కట్టుకుంటే ఇది బయట పడకపోతుండె గదా."

"అందుకే కొత్తది వద్దన్న," అంది కళ్ళు తుడుచుకుని. "కొత్తది కడితే ఇది పొయ్యిలకు పోతుండె. నేను గూడ ఇట్లనే ఒక దినం పోతుంటి, నాతోని ఈ మాట గూడ పోతుండె. నా నోటితోని నేను మొదలుపెట్టే ధైర్యం లేకపాయె. నీ చేతికి ఇస్తే నువ్వే చూస్తవు, నువ్వే వచ్చి అడుగుతవు అనుకున్న. అడిగినవు. పడవ నీళ్ళల్ల దింపే దినం ఊరందరి ముందర చెప్త. ఒట్టు. కని మీ నాయన అవునంటేనే."

"మా నాయన అవుననక ఏం జేస్తడు?"

ఆమె నా వంక వింతగా చూసింది.

"నీకేం చెప్పలేదా? పడవ మునిగిన మూడో దినం ఆయన నన్నడిగిండు, పటేలుకు చెప్పినవా అమ్మా అని. చెప్పలేదని కాళ్ళమీద పడ్డ. పంచాయితీల చెప్తనన్న. నోరు తెరువొద్దన్నడు. నువ్వు చెప్తే నేను అసలు మీ ఇంటికే రాలేదంట, నిన్నే అబద్ధాలదాన్ని చేస్త అన్నడు."

"ఎందుకు?"

"తెల్వదు. నామీద జాలి అనుకుంటి ఇన్నేండ్లు. ఇప్పుడు గట్ల అనిపిస్తలేదు. జాలిపడ్డోడు మొహం చూసి మాట్లాడుతడు. మీ నాయన ఆ దినం నా మొహం చూడలే. ఇంటికి పోయి అడుగు."

నేను పలక ఎత్తుకున్నాను. దారి పొడుగునా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ముసలాయన మంచివాడు, మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషిని బజారుకు ఈడవడం ఇష్టం లేక మాట పడ్డాడు, అంతే. అంతే అయి ఉండాలి. కాని మా అమ్మ మంచం మీద ఉండి "మనకెందుకయ్యా ఈ నింద" అని ఏడుస్తుంటే కూడా నోరు విప్పని మంచితనం ఎక్కడైనా ఉంటుందా? అనుమానం పుట్టిందంటే నాకు నిద్ర పట్టదు, అన్నం సయించదు. మా నాయన మీదే పుట్టింది ఇప్పుడు.

ఆయన వాకిట్లో నీడన కూర్చుని నార పేనుతున్నాడు. పంచాయితీ రోజు నుంచి పనిముట్టు ముట్టనివాడు, నాకు సందుల్లో కుక్కడానికి నార మాత్రం పేని ఇస్తున్నాడు. పలకను ఆయన కాళ్ళ ముందు పెట్టాను.

"నాయనా! నీ తప్పు లేదు. నాకు తెలిసిపోయింది. లక్ష్మీదేవమ్మ ఒప్పుకున్నది. ఊరి ముందర చెప్తనన్నది. ఇగ ఎవ్వడు నిన్నేమనడు!"

ఆయన సంతోషిస్తాడనుకున్నాను. బొటనవేలితో అంచు తడిమాడు. మొదటి గాటు. రెండోది. వేలు అక్కడే ఆగింది.

"ఎవరెవరు చూసిన్రు?" అన్నాడు.

"యోసేపు. బాలన్న. లక్ష్మీదేవమ్మ."

"గాట్ల సంగతి చెప్పినవా ఎవరికన్నా?"

"ఇంక లేదు. నువ్వు ఊ అంటే ఊరంత చాటుత."

ఆయన నార పక్కన పెట్టాడు. మోకాళ్ళు పట్టుకుని లేచాడు, లోపలికి పోయాడు. గోడకు తగిలించి ఉన్న బాడిస తీసుకుని బయటికొచ్చాడు. తొమ్మిదేళ్ళ తర్వాత ఆయన చేతిలో బాడిస! పడవ దగ్గరకు వస్తానంటాడనుకుని నా ప్రాణం లేచొచ్చింది.

"పక్కకు జరుగు," అన్నాడు.

"ఎందుకు?"

"పొయ్యిలకు పనికొస్తది. చీల్చి పెడుత."

నాకు మతి పోయింది. "నాయనా, నీకు పిచ్చిగిట్ల లేశిందా? ఇది నీ పేరు నిలబెట్టే పలక!"

"తెల్సు. జరుగు."

నేను జరగలేదు. పలక మీద అడ్డంగా కూర్చున్నాను, చిన్నపిల్లవాడిలా రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాను. ఆయన బాడిస ఎత్తే ఉంచాడు. పంచాయితీలో కూడా దించని తల అప్పుడు దించి, నా మొహం చూడకుండా అన్నాడు:

"ఆమె ఎరిగింది సగమే. ఇది ఊర్లెకు పోతే రెండో సగం గూడ ఎల్తది. అప్పుడు పొయ్యేది నా పేరు కాదు హన్మంతూ. నీది."

"నాదా?" అన్నాను.

నేను పలక మీద నుంచి లేవలేదు. ఆయన బాడిస దించలేదు.

(మిగతాది వచ్చే వారం)